జట్టు మారలేదు, లీగ్ మారింది

మా పక్కింటావిడ పిల్లలు పెద్దవాళ్ళై వెళ్ళిపోయారు. ఖాళీ అయిన గదిలో ఏటా ఒక హాకీ కుర్రాడిని ఉంచుకుంటారావిడ. ఇక్కడ కాల్గరీ వైపు దీన్ని బిల్లెట్ అంటారు. పదహారు నుంచి ఇరవై ఏళ్ళ లోపు పిల్లలు జూనియర్ జట్టున్న ఊరికొచ్చి, ఎవరింట్లోనో ఇంటిపిల్లల్లా ఉంటూ మంచు హాకీ ఆడతారు. హాస్టలు కంటే నయమే అనిపిస్తుంది నాకు, వేడన్నం పెట్టే మనిషి ఉంటుంది కదా!

2024 జనవరిలో ఒకరోజు టీకి వచ్చి, "మావాడు రెండ్రోజులుగా సరిగా తినట్లేదు" అన్నారు. జ్వరమేమో అనుకున్నాను. కాదట, లీగ్ గొడవట.

అప్పటికి అల్బర్టా జూనియర్ లీగ్‌లో 16 జట్లున్నాయి. అందులో ఐదు, అంటే బ్రూక్స్, ఒకొటోక్స్, బ్లాక్‌ఫాల్డ్స్, షెర్‌వుడ్ పార్క్, స్ప్రూస్ గ్రోవ్, పక్క ప్రావిన్సులోని బ్రిటిష్ కొలంబియా లీగ్‌కి వెళ్ళిపోతామన్నాయి. సీజన్ నడిమధ్యలో! ఆ కొలంబియా లీగేమో 2023 జూన్ 1న హాకీ కెనడాతో తెగతెంపులు చేసుకుంది. పదహారు, పదిహేడేళ్ళ పిల్లలు సొంత ప్రావిన్సు దాటి ఆడటానికి హాకీ కెనడా పెట్టిన అడ్డంకులు వాళ్ళకి నచ్చలేదు. మంచి ఆటగాళ్ళు అమెరికా లీగులకి పోతున్నారని వాళ్ళ బాధ. అల్బర్టా లీగ్‌కి కోపం వచ్చి, మిగతా 11 జట్లతో ఈ ఐదింటి ఆటలు ఆపేసింది. ఫిబ్రవరి మొదట్లోనే ఈ ఐదూ కొత్త లీగ్‌లో చేరిపోయాయి. గుర్తింపు లేని లీగ్‌లో ఆడితే మళ్ళీ పాత గూటికి ఎలా రావాలన్నది ఆ పిల్లల భయం. సంతకాలు పెట్టింది పెద్దవాళ్ళు, అన్నం మానేసింది వీడు.

ఇంతకుముందు ఇలా జరిగిందా అని చదవడం మొదలుపెడితే, అచ్చం ఇదే కథ 1966లో కనిపించింది. సస్కాచ్వాన్ జూనియర్ లీగ్ నుంచి రెజైనా, సస్కటూన్, మూస్ జా, ఎస్టెవాన్, వేబర్న్ జట్లు, లెక్కపెడితే అవీ ఐదే, బయటికొచ్చేశాయి. ఎడ్మంటన్ జట్టు నడిపే బిల్ హంటర్ వంటి వాళ్ళు ముందుండి, కాల్గరీ బఫెలోస్‌ని కూడా కలుపుకుని కొత్త లీగ్ పెట్టారు. దేశంలోని హాకీ సంఘం వాళ్ళని గుర్తించలేదు. దొంగ లీగ్ అన్నారు. జూనియర్ హాకీలో అన్నిటికన్నా పెద్దదైన మెమోరియల్ కప్ గుమ్మం మొదటి ఏడాది తొక్కనివ్వలేదు. పాత సస్కాచ్వాన్ లీగ్ ఆ దెబ్బకి మూతపడి, మళ్ళీ 1968లో గానీ లేవలేదు. వెళ్ళినవాళ్ళ గురించి చాలామంది రాశారు, మిగిలిపోయిన జట్ల పిల్లల గురించి నాకు ఒక్క పేరా దొరకలేదు.

ఆ దొంగ లీగే ఇప్పటి వెస్టర్న్ హాకీ లీగ్. కొన్నేళ్ళకి రాజీ కుదిరింది. ఇప్పుడది పెద్దింటి కిందే లెక్క, చేరాలని జట్లు క్యూ కడతాయి. 2023లో వెనాచీ, 2025లో పెంటిక్టన్, కొలంబియా లీగ్‌ని వదిలి అందులోకే వెళ్ళాయి. ఒకప్పుడు అక్కడ ఆడితే అమెరికా కాలేజీ హాకీ తలుపులు మూసుకుపోయేవి, అందుకే చదువు కావాలనుకునే పిల్లలు కొలంబియా లాంటి లీగులకి పోయేవారు. 2025 ఆగస్టు నుంచి ఆ నిబంధనా పోయింది. ఇంకెన్ని జట్లు మూట సర్దుకుంటాయో.

పక్కింటి కుర్రాడు కొత్త లీగ్‌లోనే ఆ సీజన్ ఆడేసి వెళ్ళాడు. ఇప్పుడు ఆవిడ ఫ్రిజ్ మీద వేరే కుర్రాడి ఆటల కాగితం ఉంది. రాకీ కొండలు దాటి బస్సులో వెళ్ళాల్సిన తేదీలకి ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టారు. ఆ ముందురోజు రాత్రే చపాతీలు చేసివ్వమని నాకూ చెప్పారు. వీడికి మన బంగాళాదుంప కూర ఇష్టమట.