గూని గుర్రం ఎక్కిన వెర్రివాడు

పేదరాశి పెద్దమ్మ కథల్లో చివరికి గెలిచేది ఆఖరివాడేనని మనకు చిన్నప్పుడే తెలుసు. రష్యా కథల్లోనూ అంతే. కాకపోతే అక్కడొక పంతొమ్మిదేళ్ళ కుర్రాడు ఆ ఆఖరివాడి కథను నవ్వించే పద్యాల్లో చెప్పి, చక్రవర్తిగారి సెన్సారు వాళ్ళని కంగారుపెట్టాడు.

ఆ కుర్రాడు ప్యోత్ర్ యెర్షోవ్. సైబీరియాలో పుట్టి, పీటర్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో చదువుకుంటూ 1834లో 'గూని గుర్రం' అచ్చువేయించాడు. నాయకుడు ఇవాన్, ముగ్గురన్నదమ్ముల్లో చివరివాడు, అందరి లెక్కలో వెర్రివాడు. అతనికి తోడు రెండు గూనులు, గజమంత చెవులు ఉన్న పొట్టి గుర్రం.

ముసలి రాజు ఓ పడుచుపిల్లని పెళ్ళాడతానంటాడు. మరిగే పాలలో మునిగి పడుచువాడివై రమ్మంటుందామె. రాజు ముందుగా ఇవాన్‌ని దూకిస్తాడు. గుర్రం మహిమతో ఇవాన్ అందగాడై పైకొస్తాడు. అది చూసి దూకిన రాజు ఉడికిపోతాడు!

పిల్లలు నవ్వుకున్నారు, ఏలినవారికి మాత్రం నవ్వు రాలేదు. తొలి ముద్రణలోనే కొన్ని పంక్తుల చోట చుక్కలు మిగిలాయి. 1843లో పునర్ముద్రణకు అనుమతి దొరకలేదు. నికొలాయి చక్రవర్తి పోయిన మరుసటేడు, 1856లో గానీ పుస్తకం మళ్ళీ బయటికి రాలేదు. రాజుని తిట్టినవాణ్ణి శిక్షించొచ్చు. కథ విని నవ్వినవాణ్ణి ఏ నేరం కింద పట్టుకుంటారు? వాళ్ళ భయమంతా అదే.

ఇవాన్‌కి రాజ్యం దక్కింది. అతణ్ణి పుట్టించిన యెర్షోవ్ 1836లో తోబొల్స్క్ తిరిగివెళ్ళి బడిపంతులయ్యాడు. రసాయన శాస్త్రవేత్త మెండలీవ్ ఆయన దగ్గర చదువుకున్నవాడే. అంతటి పేరు తెచ్చే పుస్తకం యెర్షోవ్ మరొకటి రాయలేదు. 1869లో ఆయన పోయాక కూడా గూని గుర్రం మాత్రం పిల్లల్ని ఎక్కించుకుని తిరుగుతూనే ఉంది.