పది రూపాయలు ఎగ్గొట్టిన శ్రోత

1927 జులై 23, శనివారం. బొంబాయిలో మైకు ముందు వైస్రాయి ఇర్విన్ నిలబడ్డాడు. అదే వేళకు ఊళ్లో ఒకాయన తలుపు గడియపెట్టుకుని క్రిస్టల్ సెట్టు ముందు కూర్చున్నాడనుకుందాం. చెవులకు హెడ్‌ఫోన్లు. చేతిలో సన్నటి తీగ. దాని మొనతో స్ఫటికం రాయిని అక్కడా ఇక్కడా తడుముతున్నాడు. గరగర. మళ్లీ గరగర. ఉన్నట్టుండి మనిషి గొంతు! కరెంటు లేదు, బ్యాటరీ లేదు, చెవిలో దొరగారు మాట్లాడుతున్నారు.

లైసెన్సుకి ఏడాదికి పది రూపాయలు. మనవాడు కట్టలేదు. అతగాడు నా ఊహే కానీ, అలాంటివాళ్లు బోలెడంతమంది ఉండేవారన్నది నిజం.

ఆ గొంతు వినిపించింది ఇండియన్ బ్రాడ్‌కాస్టింగ్ కంపెనీ. ప్రైవేటు వ్యాపారం. వసూలైన పెట్టుబడి 6 లక్షలు, అందులో నాలుగున్నర లక్షలు రెండు స్టేషన్లు నిలబెట్టడానికే అయిపోయాయి. రెండోది కలకత్తా, ఆగస్టు 26న మొదలైంది. ఒక్కోటి ఒకటిన్నర కిలోవాట్లు. క్రిస్టల్ సెట్టువాడికి 30 మైళ్లు దాటితే ఏమీ వినపడదు.

ఇక లెక్క చూడండి. పది రూపాయల్లో కంపెనీ వాటా ఎనిమిది. మూడేళ్లు కావస్తున్నా లైసెన్సులు 8 వేలు దాటలేదు. అంటే నెలకు అయిదున్నర వేలు కూడా రాదు. మొదట్లో ఖర్చేమో నెలకు 33 వేలు! దిగుమతి సరుకు మీద రావలసిన కమీషన్‌నీ వర్తకులు ఎగవేశారు. 1930 మార్చి 1న కంపెనీ దివాలా తీసింది.

ఏప్రిల్ 1న స్టేషన్లను సర్కారు తీసుకుంది. తమాషా ఏమిటంటే, అదే రోజున మద్రాసు కార్పొరేషన్ సొంత రేడియో మొదలుపెట్టింది. డబ్బుల్లేక మూతపడిన కృష్ణస్వామి చెట్టి గారి రేడియో క్లబ్బు ట్రాన్స్‌మిటరే దానికి ఆధారం. మెరీనా ఒడ్డున లౌడ్‌స్పీకర్లు పెట్టారు. ఇసకలో కూర్చున్నవాణ్ని లైసెన్సు ఎవరడుగుతారు?

సర్కారుకీ నష్టమే మిగిలింది. 1931 అక్టోబరులో మూసేస్తున్నామంది. కలకత్తా భగ్గుమంది. డబ్బు కట్టినవాళ్లూ కట్టనివాళ్లూ కలిసే అరిచి ఉంటారు! నవంబరు 23న ఆ ఉత్తర్వు వెనక్కి పోయింది.

1934 జనవరి 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. లైసెన్సు లేకుండా సెట్టు ఇంట్లో ఉంటేనే నేరం. బొంబాయిలో మనవాడు అప్పుడుగానీ లైసెన్సు కోసం పోస్టాఫీసు గడప తొక్కి ఉండడు.