తండ్రి నాడె, కొడుకు కండె

నెమిలి మొదలుకొని వేలూరు, గుడియాత్తం దాకా మన ప్రాంతంలో తెలుగు మాట్లాడే నేత కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. ఆ ఇళ్లలో తండ్రీ కొడుకులు ఒకే మగ్గం మీద బతికిన తీరు గురించి ఈ రోజు నాలుగు మాటలు చెప్పుకుందాం.

మగ్గం గుంటలో కూర్చునేది ఒక్కరు. గుడ్డ నేసేది మాత్రం ఇల్లంతా. నూలు చిలపలు విప్పి రాట్నం మీద కండెలు చుట్టేది తల్లీ, పిల్లలూ. వీధి పొడవునా పడుగు చాచి, గంజి పెట్టి, ఎండ ముదరక ముందే కుంచెతో దువ్వడానికి ఇంటిల్లిపాదీ కావాలి. పిల్లవాడు మొదట కండె చుట్టడం నేర్చేవాడు. ఆ తరువాత తెగిన పోగు అతకడం. కాళ్లు తొక్కుడు కర్రలకు అందిన నాడు గుంటలో దిగేవాడు. గురువు తండ్రే.

నెమిలికి చేరువలోని కాంచీపురంలో ఈ పొత్తు మరీ స్పష్టంగా కనబడుతుంది. కోర్వై పట్టుచీరలో ఒంటి రంగు వేరు, అంచు రంగు వేరు. దానికి మూడు నాడెలు కావాలి. ఒక్కరితో సాగదు. నేతగాని పక్కన మరొకరు కూర్చుని ఒక అంచు నాడెను నడపాలి. చాలా ఇళ్లలో ఆ చోటు కొడుకుదే.

ఇరవయ్యో శతాబ్ది తొలి ఏళ్లలో ఆల్‌ఫ్రెడ్ చాటర్టన్ సేలంలో ప్రభుత్వం తరఫున నేత ఫ్యాక్టరీ నడిపాడు. తాడు లాగితే నాడె పరుగెత్తే మగ్గాలు పెట్టాడు. అయినా నేతగాళ్లు అక్కడ నిలవడానికి ఇష్టపడలేదు. ఇంట్లో అయితే ఆలుబిడ్డల సాయం ఉంటుంది. ఫ్యాక్టరీలో ఆ సాయం ఏదీ?

ఇక్కడే ఒక చిక్కు ఉంది. షావుకారు కూలి కట్టేది నేసిన గుడ్డకు. కండె చుట్టిన చేతికి వేరే లెక్క లేదు. 1935లో కోఆప్టెక్స్ వచ్చింది. 1985 చట్టం కింద లుంగీ వంటి రకాలను చేమగ్గానికే కేటాయించారు. ఇవి మగ్గానికి అండ. కండెకు మాత్రం కూలి రాలేదు. 1986 బాలకార్మిక చట్టం పిల్లల చేత నేతపని చేయించడాన్ని నిషేధిస్తూనే, కుటుంబం సాయంతో నడిచే పనిశాలలను మినహాయించింది. 2016 సవరణ ప్రకారం పద్నాలుగేళ్లలోపు పిల్లలు బడి అయ్యాకనో, సెలవుల్లోనో మాత్రమే, అదీ ప్రమాదం లేని ఇంటిపనికి సాయపడవచ్చు. కొడుకుకు విద్య ఇచ్చిన మగ్గమే వాడి బడిని తీసుకున్న ఇళ్లు ఎన్నో. ఆ తండ్రులను తప్పు పట్టలేం. ఆ కూలిలో మరో చేతిని కొనే శక్తి వారికి లేదు.

మరొక సంగతి. మన పిల్లల్లో చాలామందికి బడి భాష అరవం. పడుగు, పేక, పన్నె, అచ్చు, ఆసు, ఇవన్నీ పుస్తకంలో చదివి నేర్చిన మాటలు కావు. తండ్రి పక్కన కూర్చుని విన్నవి. కొడుకు మగ్గం విడిచి తోళ్ల ఫ్యాక్టరీకో, ఆఫీసుకో వెళ్లడం తప్పు కాదు. వెళ్లాలి కూడా. కానీ ఆ మాటలు ఎవరి నోట మిగులుతాయి?

మీ ఇంట్లో మగ్గమెరిగిన పెద్దలుంటే ఈ సాయంత్రం వారి దగ్గర కూర్చోండి. ఒక లుంగీకి ఎన్ని కండెలు పట్టేవో, వాటిని ఎవరు చుట్టేవారో అడగండి. ఆ పేర్లు రాసి పెట్టండి. ఏ కూలి చిట్టాలోనూ ఆ పేర్లు లేవు.