బెర్న్‌కి ఒక ఉత్తరం

మాదాపూర్‌లో సైబర్ టవర్స్‌ని ప్రధాని వాజ్‌పేయి ప్రారంభించింది 1998 నవంబరులో. అప్పటికే 27 ఏళ్లుగా ప్రపంచంలోని బడిపిల్లల మధ్య ఒక రాతపోటీ నడుస్తోంది. దానికి కంప్యూటరు అక్కర్లేదు, కాగితం, కలం ఉంటే చాలు. గాజు మేడల నీడన చదువుకునే పిల్లలకు ఈనాటికీ ఆ పోటీ తలుపులు తెరిచే ఉన్నాయి. అదే అంతర్జాతీయ ఉత్తరాల రచన పోటీ.

దీన్ని నడిపే యూనివర్సల్ పోస్టల్ యూనియన్ 1874లో స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో పుట్టింది. ఇండియా 1876లో చేరింది. మన హైదరాబాదుది మాత్రం వేరే కథ. నిజాం సర్కారు 1869లోనే సొంత స్టాంపు వేసింది. ఆ తర్వాత వచ్చిన స్టాంపుల మీద వెల తెలుగులోనూ ఉండేది! కానీ వాటి చెల్లుబాటు సంస్థానం పొలిమేర వరకే. బెజవాడలోని చుట్టానికి రాయాలన్నా బ్రిటిష్ ఇండియా స్టాంపు అంటించాల్సిందే.

1969లో టోక్యోలో జరిగిన ఆ సంస్థ మహాసభ భారత ప్రతినిధి ప్రతిపాదన మీదే అక్టోబరు 9ని ప్రపంచ తపాలా దినంగా ప్రకటించింది. పిల్లల పోటీ 1971లో మొదలైంది. తొమ్మిది నుంచి పదిహేనేళ్ల వాళ్లు రాయొచ్చు. ఏ దేశంలో రాసినా విషయం ఒక్కటే. కోవిడ్ రోజుల గురించి ఇంట్లోవాళ్లకు రాయమన్నారు 2021లో. సముద్రానివి నువ్వేననుకుని రాయమన్నారు 2025లో. మన దగ్గర తపాలా శాఖ సర్కిల్ స్థాయిలో వడపోసి, దేశం మొత్తానికి ఉత్తమమైన ఒక్క ఉత్తరాన్ని బెర్న్‌కి పంపుతుంది.

అసలు చెప్పాల్సింది ఇది: ఇంగ్లీషులోనే రాయాలన్న నియమం లేదు. రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా, అంటే తెలుగులోనూ, రాయొచ్చు. బెర్న్‌కి వెళ్లేటప్పుడు అనువాదం జతచేస్తారు. ఇంగ్లీషు మీడియం బడుల్లో ఈ సంగతి ఎందరు టీచర్లు పిల్లల చెవిన వేస్తారో! ‘సముద్రాన్ని నేనే’ అని రాయమంటే, అమ్మమ్మ ఊళ్లో విన్న మాటలు తెలుగులోనే కదా కాగితం మీదికి దూకుతాయి. పోటీకి వెళ్లే ప్రతి పిల్లకీ ఆ వీలు ఉందని ముందే తెలియాలి.

2018 విషయం నాకు మరీ ఇష్టం: నువ్వే ఒక ఉత్తరానివై కాలంలో ప్రయాణిస్తున్నావు, చదివేవారికి ఏం చెబుతావు? మాదాపూర్ పిల్ల ఎవరైనా ఆ ఉత్తరమై ముప్ఫై ఏళ్లు వెనక్కి వెళ్లి ఉంటే బండరాళ్ల మధ్య దిగేది. ‘శిల్పారామం ఎదురుగా’ అని చిరునామా చెప్పుకోవడానికి అప్పటికి శిల్పారామం కూడా లేదు.