తూము ఎత్తే ముందు

ఎండలు ముదురుతున్నాయి. కాలువ కట్టేసే రోజు దగ్గరపడింది. గోదావరి డెల్టాలో ఊళ్లకు ఊళ్లే మంచినీళ్ల చెరువు గట్టు మీద ఉంటాయి. తూము లేస్తుంది. నీళ్లు సుడులు తిరుగుతూ చెరువులోకి దూకుతాయి. మళ్లీ కాలువ వదిలేదాకా ఇవే దిక్కు. వీటితోపాటు కంటికి కనపడనిదేదైనా లోపలికొచ్చేస్తే?

ఒకచోట వచ్చేసింది.

1984 జనవరి. బ్రిటన్‌లో డీ నది. చలికాలం. కుళాయి తిప్పారు, గుక్క తాగారు, ఉమ్మేశారు. ఆసుపత్రి వరండా కడిగినప్పటి కంపు! దాదాపు 20 లక్షల మంది తాగే నీళ్లలో ఫినాల్ కలిసింది. ఎప్పట్లాగే క్లోరిన్ వేశారు. అది ఫినాల్‌తో కలిసి క్లోరోఫినాల్ అయింది. కంపు ఇంకా పెరిగింది. కడుపులో తిప్పడం, విరేచనాలు. మరి నదిలో పడకముందే ఫినాల్‌ని మింగేసేదెవరు?

జవాబు అప్పటికే స్టాక్‌హోంలో ఉంది. 1973లో నోయ్‌యార్, గాల్ అనే పరిశోధకులు ట్రైకోస్పోరాన్ క్యుటానియం అనే ఈస్ట్ నుంచి ఫినాల్‌ మీద పనిచేసే ఎంజైముని వేరుచేశారు. మన కల్లుకుండలో నురగ పొంగించే ఈస్ట్‌కి ఇది దూరపు చుట్టం.

ఆ ఈస్ట్‌ని పెంచే ఫ్లాస్కులో తిండంటే ఫినాల్ ఒక్కటే. మోతాదు మించితే ఈస్టే చస్తుంది. మొదట్లో చలనం లేదు. బతికుందా?

బతికే ఉంది. ఎంజైము గాలిలోని ఆక్సిజన్‌ని లాక్కొచ్చి ఫినాల్‌కి తగిలిస్తుంది, అది కేటికాల్‌గా మారగానే ఇంకో ఎంజైము దాని వలయాన్ని పుటుక్కున తెంపేస్తుంది, తెగిన ముక్కల్ని ఈస్ట్ నమిలి కొంత ఒంట్లో కలుపుకుని, మిగిలింది నీళ్లుగా, కార్బన్ డయాక్సైడ్‌గా వదిలేస్తుంది. చుక్క తీసి పరీక్ష రసాయనం కలిపితే, ఫినాల్ ఉంటే ఎర్రబడాలి. ఒక్కో చుక్కకీ ఆ ఎరుపు పాలిపోతుంది.

గాలి ఆగిందా, అంతా ఆగిపోతుంది.

విశాఖ ఉక్కు కర్మాగారంలో కోక్ ఓవెన్ల ఫినాల్ నీళ్లని సూక్ష్మజీవులే శుభ్రం చేస్తాయి. ఫ్యాక్టరీ నీళ్లు నదిలోకి వదలాలంటే లీటరుకి 1 మిల్లీగ్రాము ఫినాల్ దాటకూడదన్నది నిబంధన. తాగే నీళ్లకైతే 0.001. వెయ్యి రెట్ల తేడా! ఆ తేడా అంతా నదే కడగాలని వదిలేస్తే ఎలా? ఎండాకాలం గోదారి సన్నబడుతుంది. అప్పుడే చెరువులు నింపేది. ఆ రోజుల్లో కరెంటు పోయినా సరే, ఎగువన ప్రతి శుద్ధి తొట్టెలోనూ గాలి కొట్టే బ్లోయర్ తిరుగుతూనే ఉండాలి.