నాగార్జునకొండకు పడవమీద

మా సంతోష్‌నగరు కూడలినుండి చంపాపేట మీదుగా సాగిపోవు బాటను ఇక్కడివారు సాగరు రోడ్డు అందురు. ఇబ్రహీంపట్నము, మాలు, మల్లేపల్లి దాటి సుమారు 150 కిలోమీటర్లు పోయినచో ఆ బాట నాగార్జునసాగరము చేరును. ఆ సాగరపు నీరు ఎదురు ప్రయాణము చేసి మా పేటకు వచ్చుచున్నది. పుట్టంగండి వద్ద మోటారులు పైకి తోడిన కృష్ణనీరు అక్కంపల్లి జలాశయమున నిలిచి, కోదండాపురమున శుద్ధియై, పెద్ద గొట్టములలో సాహెబ్‌నగరు చేరి, అచ్చటినుండి నగరమునకు పంపకమగుచున్నది. 2004కు పూర్వము ఈ నీరు హైదరాబాదునకు లేదు. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు, మంజీర, సింగూరుల నీటితోనే నగరము గడుపుకొనెను. కుళాయి తిప్పినప్పుడు బిందె నిండినదా లేదా యని చూతుమే గాని, ఆ నీరు ఏ ఊరిమీద నిలిచి వచ్చినదని విచారించు అలవాటు మనకు లేదు. మాకును లేకుండెను. ఒక శీతకాలపు ఉదయమున నాగార్జునకొండకు లాంచీ ఎక్కిన పిదపనే ఆ విచారము కలిగినది.

ఆనకట్టకు దిగువనున్న వంతెన దాటి కుడిగట్టునకు పోయితిమి. అచ్చటి పేటకు విజయపురి సౌత్ అని పేరు. ఇక్ష్వాకు రాజుల రాజధానికి విజయపురి యని పేరుండెను. ఆ పట్టణము నీట మునుగగా, దాని పేరు మాత్రము ఆనకట్ట కట్టినవారి క్వార్టర్లకు దక్కినది. రేవులో టిక్కెట్లు కొని, లైఫ్ జాకెట్లు తొడుగుకొని, బల్లలమీద సర్దుకొని కూర్చుంటిమి. బడిపిల్లలు, కొత్తగా పెండ్లియైన జంటలు, బౌద్ధ యాత్రికులు ఇద్దరు, మా ప్రక్కన మనుమనితో వచ్చిన ఒక ముసలమ్మ. సరంగు కూత వేసి లాంచీని మలిపెను. పది కిలోమీటర్లకు కొంచెము పైచిలుకు దూరము. గంటలోపుననే ద్వీపము కంటబడినది. నీటినుండి నిలువుగా లేచిన బండరాతి కొండ, దానిపై పాత కోటగోడ, గోడ వెనుక చెట్లు.

దానిని ద్వీపమనుట వాడుకయే గాని, అరువది డెబ్బది ఏండ్లక్రిందట అది ద్వీపము కాదు. పల్నాటి తాలూకాలో, మాచర్లకు కొన్ని మైళ్ల దూరమున, మూడువైపుల నల్లమల కొండల మొనలును నాల్గవవైపున కృష్ణయును కాపుగా నొక లోయ యుండెను. ఆ లోయలోని కొండయే ఇది. క్రింద పుల్లారెడ్డిగూడెమను చిన్న పల్లె, చేలు, పశువుల మందలు, చేలగట్లపై విరిగిపడిన పాలరాతివంటి స్తంభములు. పసులకాపరులు ఆ రాళ్లపై కూర్చుండి చద్ది తినెడివారు కాబోలు. 1926లో సూరపరాజు వెంకటరామయ్య యను స్థానికోపాధ్యాయుడు ఒక స్తంభమును చూచి అది సామాన్యమైన రాయి కాదని గ్రహించి ప్రభుత్వమునకు తెలిపెను. మద్రాసు శాసనశాఖనుండి రంగస్వామి సరస్వతిగారు వచ్చి చూచిరి. పల్లెబడి పంతులు కన్ను తెరిచి నడచుటవలన ఒక రాజధాని బయటపడిన దనుమాట మా కెందుకో మరీ మరీ చెప్పుకొనబుద్ధియగును.

1927 మొదలు 1931 వరకు లాంగ్‌హర్స్ట్ దొర త్రవ్వించెను. 106 అడుగుల వ్యాసముగల మహాచైత్యము బయటపడినది. దానియందు మట్టికుండలో వెండి బరిణె, వెండి బరిణెలో అంగుళమునకు తక్కువ వెడల్పుగల బంగారు బరిణె, అందులో చిన్న ఎముక తునక లభించినవి. శాసనములు దానిని బుద్ధధాతువుగా పేర్కొనుచున్నవి. తరువాత దానిని సారనాథములోని మూలగంధకుటీ విహారమునకు ఇచ్చిరి. ఈ మహాచైత్యమును క్రీ.శ. మూడవ శతాబ్దిలో, వీరపురుషదత్తుని ఆరవ పాలనవత్సరమున పూర్తిచేయించినది అతని మేనత్త చాంతిసిరి. ఆమె సోదరునికి గాని మేనల్లునికి గాని పేరు రావలెనని కాదు, తన పేరే చెక్కించుకొన్నది. బోధిసిరి యను ఉపాసిక రాణియు కాదు, రాజబంధువును కాదు. ఆమె తామ్రపర్ణి, అనగా సింహళదేశపు ఆచార్యులకొరకు చైత్యగృహము కట్టించి, తాను వేరు వేరు చోట్ల చేసిన దానములను ఆ శాసనముననే వరుసగా వ్రాయించినది. అందు కంటకసేల పేరు గలదు. అదే నేటి కృష్ణాజిల్లాలోని ఘంటసాల. గ్రీకు భూగోళకర్త టాలెమీ వ్రాసిన రేవుపట్టణము. ఈ లోయలో ఒక ఇంటి ఇల్లాలు చేసిన దానమునకును, అలెగ్జాండ్రియాలో కూర్చుండి పటములు గీసిన పండితునకును నడుమ ఒకే ఊరు తగులుట చిన్న సంగతి కాదు.

గ్రీకుల ప్రసక్తి ఇంతటితో ఆగదు. ఇచ్చటి రాజప్రాసాద స్థలమున దొరికిన స్తంభశిల్పములలో ఒకటి మన కలవాటు లేని మూర్తి. గడ్డముతో, అరకొర వస్త్రముతో, చేత కొమ్ముపాత్ర పట్టిన పురుషుడు, ప్రక్కన మద్యభాండము. అది యవనుల మధుదేవత డయోనీససు పోలికయని పండితులు గుర్తించిరి. మరియొక స్తంభముపై షరాయి తొడిగి ఈటె పట్టిన శకభటుడు కలడు. రోము చక్రవర్తుల బంగారు నాణెములును ఈ లోయలో దొరకినవి.

ఆ డయోనీససును తలచుకొనుచు లాంచీలో కూర్చుండగా మాకు ఏజియన్ సముద్రములోని రెండు చిన్న ద్వీపములు మనసునకు వచ్చినవి. ఒకటి డీలోసు, రెండవది దాని ప్రక్కనే యున్న రేనియా. నడుమ సన్నని జలసంధి. డీలోసు అపోలో జన్మస్థలమని గ్రీకుల నమ్మకము. క్రీ.పూ. 426లో ఏథెన్సువారు ఆ ద్వీపమును పవిత్రము చేయదలచి, అచ్చటి గోరీలనన్నిటిని త్రవ్వి అస్థికలను ఎత్తివేసిరి. ఇకమీదట డీలోసులో ఎవ్వరును పుట్టరాదు, ఎవ్వరును చావరాదని శాసించిరి. నెలలు నిండిన స్త్రీలను, ప్రాణముమీదికి వచ్చిన రోగులను పడవలో నెక్కించి రేనియాకు దాటింపవలెను. థుకిడిడీసు అను చరిత్రకారుడు ఈ సంగతి వ్రాయుచు, రెండు ద్వీపములును ఎంతో దగ్గరని చెప్పినాడు. అట్టి కురుచ ప్రయాణము పురుడునకో చావునకో చేయవలసి వచ్చెడిది. కొన్నియేండ్ల తరువాత నికియాసు అను ఏథెన్సు సేనాని, ఉత్సవమునకు వచ్చిన గాయకబృందము పడవలు దిగునప్పటి తొక్కిసలాట తప్పించుటకై, ముందుగనే కొలతలు తీసి చేయించి తెచ్చిన వంతెనను ఒక్క రాత్రిలో ఆ జలసంధిపై పరపించి, తెల్లవారగనే ఊరేగింపును పాటలతో దాని మీదుగా నడిపించెనని ప్లూటార్కు చెప్పును. నేడు డీలోసులో కావలివారు తప్ప కాపురముండువారు లేరు. మీకొనోసు ద్వీపమునుండి అరగంట ప్రయాణముతో పడవలు పోవును. చూడవచ్చినవారు సాయంకాలము కాకముందే మరలిపోవలెను.

నాగార్జునకొండయు అట్టిదే. మ్యూజియము, తోట, రాళ్లు, ఊరు లేదు. భేదమేమనగా, డీలోసువారిని దేవునిపేర కదలించిరి, ఇక్కడివారిని నీటిపేర కదలించిరి.

ఆ కథయు కొంత చెప్పవలెను. ఆనకట్ట స్థలమునకు తొలిపేరు నందికొండ. అచ్చట కృష్ణను నిలుపవలెనని ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వరప్రసాదుగారు పట్టుబట్టి తిరిగిరి. ఖోస్లా సంఘము 1952లో వచ్చి స్థలము చూచినది. 1955 డిసెంబరు 10న జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేసెను. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధి కాలువలకు నీరు వదలెను. నల్లగొండ, ఖమ్మము, గుంటూరు, ప్రకాశము సీమలలో ఎన్ని మెట్టచేలు మాగాణులైనవో ఆ ప్రాంతములవారికి వేరుగ చెప్పనక్కరలేదు. ఆ నిర్ణయము తప్పని మేము అనజాలము. అన్నము తినుచు ఆ మాట అనుట న్యాయము కాదు. నష్టము లేదనుట మాత్రము అబద్ధము. జలాశయమునకు హద్దులు గీసిననాడే విజయపురి మునుగునని తేలిపోయినది.

అప్పుడు పురావస్తుశాఖవారికి దొరకినది కొలది వ్యవధి. 1954 నుండి 1960 వరకు ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యవమున లోయనంతయు త్రవ్విరి. నూటికి పైగా స్థలములు బయటపడినవి. పాతరాతియుగపు పనిముట్లు మొదలు విజయనగరకాలపు కోటవరకు ఒకే లోయలో దొరికిన చోట్లు దేశమున అరుదు. వేయిమంది కూర్చుండదగిన మెట్ల వరుసలతో ఇటుకల రంగస్థలము, రాతిమెట్ల స్నానఘట్టము, అశ్వమేధము జరిగిన చోటు, కార్తికేయుని గుడి, హారీతి గుడి. త్రవ్వుట, కొలుచుట, ఫోటో తీయుట, పటము గీయుట, మరల వేరొక గుంటకు పోవుట. ఎదుట ఆనకట్ట ఏటేట ఎదుగుచుండగా పనిచేసినవారి మనసు ఎట్లుండెనో ఊహింపవచ్చును. ఈజిప్టులో నైలునదిపై ఆస్వాను ఆనకట్టకు మునుగనున్న ఆలయములను రక్షింపుడని యునెస్కో ప్రపంచమునకు పిలుపిచ్చినది 1960లో. ఆనాటికి మనవారు త్రవ్వకములలో చాలభాగము ముగించియే యుండిరి.

అన్నిటిని తరలించుట సాధ్యము కాదు. తొమ్మిది కట్టడములను రాయికి రాయి, ఇటుకకు ఇటుక విప్పి వేరుచోట నిలిపిరి. మరి పద్నాలుగింటికి చిన్న నమూనాలు చేసిరి. కొన్ని కొండమీదికి ఎక్కినవి. రంగస్థలమువంటివి తీరముననున్న అనుపునకు చేరినవి. మిగిలినవి మిగిలినచోటనే నీటిక్రింద నున్నవి. 1966లో కొండపై విహారపు ఆకృతిలో మ్యూజియము తెరచిరి.

లాంచీ దిగి పైకి నడచితిమి. మ్యూజియములోని ఆకుపచ్చ చాయగల సున్నపురాతి పలకలను గూర్చి ఇదివరకే ఎందరో వ్రాసిరి. మేము వాటిముందు మాటలాడక నిలుచుంటిమి. బయట చూచినవే మమ్ము ఎక్కువసేపు ఆపినవి. స్నానఘట్టము కొండమీద నున్నది. ఒకప్పుడు కృష్ణలోనికి దిగిన మెట్లవి. ఆ మెట్లపై పిల్లలు ఎక్కుచు దిగుచు ఆడుకొనుచుండిరి. మరి కొంత దూరమున వలయముగ పేర్చిన పెద్దబండలు. అది బుద్ధునిపేరు ఈ లోయకు తెలియని నాటి మనుష్యుల సమాధి. దానిని కూడ క్రిందినుండి పైకి తెచ్చి నిలిపిరి. ఏథెన్సువారు గోరీలను ఎత్తి పడవలో ప్రక్క ద్వీపమునకు పంపినట్లే, మనవారు గోరీని ఎత్తి కొండకు పంపిరి. అక్కడివారు పవిత్రతకొరకు చావును తొలగించిరి. ఇక్కడివారు చావుగుర్తు కూడ పోరాదని మోసికొనివచ్చిరి. ఈ రెండింటిలో మాకు రెండవదియే నచ్చినది.

కొండ పేరు గూర్చి ఒక మాట. ఇచ్చటి శాసనములలో శ్రీపర్వతము, విజయపురి పేర్లు కలవు. మాధ్యమికదర్శనకర్తయగు నాగార్జునాచార్యుని పేరు మాత్రము తరువాతివారి సంప్రదాయము కొండకు తగిలించినది. ఆచార్యుడు ఇచ్చటనే నివసించెనని త్రవ్వకములు చెప్పలేదు. అయినను శూన్యవాదమును బోధించినవాని పేరు నీటినడుమ నిలిచిన కొండకు చెల్లుట కొందరికి సమంజసముగ తోచును. అది మన ముచ్చటయే గాని చరిత్ర కాదు.

ఈ సాగరమున ద్వీపమైన కొండ ఇదొక్కటియే కాదు. ఎదుటివైపు, తెలంగాణ భాగమున, ఏలేశ్వరపు గట్టు కలదు. ఏలేశ్వరము కూడ ప్రాచీన స్థలమే. మునకకు ముందు అబ్దుల్ వహీద్ ఖాన్‌గారు అచ్చట త్రవ్వకములు జరిపిరి. ఆ ఊరును మునిగినది, గట్టు మిగిలినది. శివరాత్రికి భక్తులు పడవలమీద ఆ గట్టుపై మల్లయ్య దర్శనమునకు పోవుదురు. 2014 తరువాత ఒక కొండ ఆంధ్రప్రదేశమునను ఒక కొండ తెలంగాణమునను లెక్కకు వచ్చినవి. రెంటికి నడుమ నీరు ఒక్కటే.

తిరుగుప్రయాణమున ముసలమ్మ మరల మా ప్రక్కకే వచ్చి కూర్చున్నది. మ్యూజియము ఎట్లున్నదని అడిగితిమి.

"నేను పైకి రాలేదు నాయనా, మోకాళ్లు. ఒడ్డునే కూర్చున్నా" అన్నది. కొంతసేపు నీళ్లవైపు చూచి, "మా తాత దిగుడుబావి ఈ కిందనే ఎక్కడో ఉండాలి. ఊరు విడిచేనాటికి నాకు పదేళ్లు. గంపలో కోళ్లను పెట్టుకుని బండెక్కాం. మా అమ్మ మాత్రం బావి దగ్గరికి పోయి, ఒక చేద తోడి, ముంతలో పోసుకుని వచ్చింది" అన్నది.

"ఆ నీళ్లేమి చేసినారమ్మా?" అని మా చిన్నవాడు అడిగెను.

"దారిలో దప్పికేస్తే తాగేశాం."

మనుమడు లేచి, లాంచీని ఒక్క నిమిషము నిలుపుదురా యని సరంగును అడిగెను. ఇక్కడ ఆపకూడదని అతడు మెల్లగా చెప్పెను. చెప్పి వేగమును కొంచెము తగ్గించెను. మోటారు చప్పుడు పలుచబడినది. పిల్లలు కూడ ఎందుకో ఊరకుండిరి. నీరు పచ్చగా, చిక్కగా ఉన్నది. అడుగున ఏమియు కానరాలేదు. ముసలమ్మ కొంగు సవరించుకొని, "చాలు పోనీ నాయనా" అన్నది.

మేము సంతోష్‌నగరు చేరుసరికి రాత్రి పదిగంటలు దాటినది. మరునాడు మా వీధికి నీరు వదలు రోజు. తెల్లవారక మునుపే ఇరుగుపొరుగుల గుమ్మములలో బిందెలు మ్రోగినవి.