ఒక చిన్న యంత్రము – దాని కాలపు లెక్క

చరిత్రయనిన రాజుల దండయాత్రలు, రాజ్యముల యుదయాస్తమయములు మాత్రమే యని తలచుట లోకమున పరిపాటి. కాని సామాన్యుని చేతికి వచ్చిన పనిముట్లకును చరిత్ర కలదు. నాగలికి, గానుగకు, అచ్చుయంత్రమునకు చరిత్ర యెట్లు కలదో, నేడు పల్లెలకు సైతము వచ్చిన కంప్యూటరునకును అట్లే కలదు. అందొక చిన్న ఘట్టమును పాఠక మహాశయులకు విన్నవింతును. ధనముచే తీరని యొక లోపమును లెక్క యెట్లు తీర్చినదో ఇందువలన తెలియగలదు.

1970వ దశాబ్దమున కంప్యూటరు సామాన్య కుటుంబమునకు అందరాని వస్తువు. 1980 ఆరంభమున ఇంగ్లండు దేశమందలి కేంబ్రిడ్జి పట్టణమునుండి క్లైవ్ సింక్లేర్ అను నాతని సంస్థ జెడ్.ఎక్స్. 80 అను చిన్న యంత్రమును వెలువరించెను. పూర్తిగా కూర్చిన దాని వెల 99.95 పౌనులు, విడిభాగములు కొనిపోయి ఇంట కూర్చుకొనువారికి 79.95 పౌనులు. దాని జ్ఞాపకశక్తి 1,024 బైట్లు, అనగా అన్ని ఇంగ్లీషు అక్షరములకు చాలినంత చోటు మాత్రమే. దానికి వేరు తెర లేదు. ఇంటనున్న టెలివిజనే తెర. వ్రాసిన ఆజ్ఞలను దాచుకొనుటకు సాధారణమైన టేపు రికార్డరే భాండారము.

వెల ఇంతగా తగ్గుటకు కారణమేమి? అనేక కంప్యూటరులలో లెక్కలు చేయుటకొక చిప్పు, తెరపై బొమ్మను చిత్రించుటకు వేరొక యేర్పాటు ఉండెడివి. ఈ యంత్రమున ఆ రెండవ యేర్పాటును చాలవరకు తొలగించి, జెడ్ 80 అను నొక్క ప్రాసెసరు చేతనే రెండు పనులను చేయించిరి. పొదుపు అక్కడనే, చిక్కును అక్కడనే.

ఆ చిక్కును గ్రహించుటకు ఆనాటి టెలివిజను తీరును కొంత తెలిసికొనవలెను. బ్రిటను దేశపు టెలివిజను తెరపై బొమ్మ ఒక్కమారుగా పడదు. ఒక కిరణము ఎడమనుండి కుడికి గీతవెనుక గీతగా నడచుచు, సెకనునకు 50 మారులు తెరను పైనుండి క్రిందివరకు చుట్టివచ్చును. మన కంటికి నిలుకడగా కనబడు బొమ్మ నిజమునకు నిలిచియున్నది కాదు. క్షణక్షణము క్రొత్తగా గీయబడుచున్నది. గీయుట ఆగెనా, బొమ్మ మాయమగును.

తోలుబొమ్మలాటలో దీపము చూచువాడొకడు, బొమ్మనాడించువాడొకడు ఉందురు. ఒక్కడే దీపమును చేతబట్టి బొమ్మలను మార్పవలసివచ్చిన, మార్చుటకు వంగినప్పుడెల్ల దీపము తొలగి తెర చీకటియగును. జెడ్.ఎక్స్. 80 గతియు నదియే. మీట నొక్కిన ప్రతిసారియు ఆ మీట యేదో విచారించుటకు ప్రాసెసరు బొమ్మ గీయుట మానును. తెర ఒక్క క్షణము ఎగిరిపడును. కార్యక్రమము నడచుచున్నంతసేపు తెరపై బొమ్మయే లేదు. లెక్క ముగిసిన పిదపనో, ప్రశ్న యడుగుటకు నిలిచినప్పుడో మాత్రమే అక్షరములు కనబడును. ఇక కదలెడి బొమ్మలతో ఆట యెట్లు సాధ్యము? బీదవాని యంత్రమునకు ఈ రెపరెపలు తప్పవని సరిపెట్టుకొన్నవారు గలరు. సరిపెట్టుకొనక కాగితము, కలము చేతబట్టినవారును గలరు.

వారు చూచినది కాలపు జమాఖర్చు. సెకనులో 50వ వంతనగా 20,000 మైక్రోసెకనులు. మైక్రోసెకననగా సెకనులో పదిలక్షలవ భాగము. ఇది జమ. తెరపై అక్షరముల వరుసలు 24. ఒక్కొక్క వరుసకు 8 గీతలు. మొత్తము 192 గీతలు. గీతకు 64 మైక్రోసెకనుల చొప్పున ఖర్చు 12,288. నిలువ 7,712. ఈ నిలువ కాలమున కిరణము అక్షరములులేని పై అంచునను, క్రింది అంచునను నడచుచుండును. అప్పుడు గీయవలసిన అక్షర మొక్కటియు లేదు. ఆ ఖాళీలో లెక్కలు ముగించుకొని, కిరణము మొదటి వరుసకు వచ్చు వేళకు ప్రాసెసరు తిరిగి తన స్థానమున నిలిచిన బొమ్మ చెదరదు.

వినుటకు సులభము, చేయుట దుష్కరము. ఆ యంత్రమునకు సహజమైన బేసిక్ భాషలో ఏ ఆజ్ఞకు ఎంత కాలము పట్టునో ఖచ్చితముగా కట్టడి చేయుట సాధ్యము కాదు. కావున వారు యంత్రభాషలోనే వ్రాసిరి. ఆ ప్రాసెసరు గడియారము సెకనునకు 32,50,000 మారులు కొట్టుకొనును. ప్రతి ఆజ్ఞకు ఇన్ని కొట్టుళ్లని నిర్ణయము గలదు. కార్యక్రమము ఎడమదారిన పోయినను, కుడిదారిన పోయినను ఒకే కాలము పట్టునట్లు వారు కూడికలు వేసిరి. తక్కువ పడినచోట ఏమియు చేయని ఆజ్ఞను చేర్చిరి. ఆ ఆజ్ఞకు 4 కొట్టుళ్లు. ఏమియు చేయకుండుటయు నొక పనియై లెక్కకు వచ్చిన చోటిది. ఇట్లు చెదరని బొమ్మలుగల ఆటలు ఆ యంత్రముపై వెలువడినవి. యంత్రమున ఒక్క తీగెయైనను మార్చలేదు.

1981 మార్చి నెలలో అదే సంస్థ జెడ్.ఎక్స్. 81ను తెచ్చెను. వెల 69.95 పౌనులు, విడిభాగములైన 49.95 మాత్రమే. చిప్పులు నాలుగే. అయినను ఈసారి రెపరెపలకు మందు యంత్రమునందే యుండెను. అంచులలో ప్రాసెసరు లెక్కలు చేసికొనుచుండగా, గీత గడచినప్పుడెల్ల ఒక చిన్న వలయము గంట కొట్టినట్లు దానిని హెచ్చరించును. ఆ గంటలను లెక్కించి ప్రాసెసరు వేళకు బొమ్మ గీయ మరలును. ఎవరో కూర్చుండి కొట్టుళ్లను ఎంచవలసిన శ్రమ తప్పెను. దీనికి ‘స్లో’ పద్ధతియని పేరిడిరి. బొమ్మ నిలుచును గాని వేగము తగ్గును. ‘ఫాస్ట్’ అను రెండవ పద్ధతిలో బొమ్మ పోవును గాని పని నాలుగింతలు వేగముగా సాగును. ఏది కావలయునో యజమానియే నిర్ణయించుకొనవచ్చును. ఈ యంత్రములు 15 లక్షలకు మించి అమ్ముడుపోయినవి. 1982లో వచ్చిన స్పెక్ట్రమ్ యంత్రమున బొమ్మ గీయుటకు ప్రత్యేకమైన చిప్పునే నియమించుటచే ఈ చిక్కు సమూలముగా తొలగెను.

ఇందు మనము గమనింపదగినది మఱియొకటి కలదు. ఈ యంత్రములను కొన్నవారిలో అనేకులు గురువులులేని పిన్నలు. యంత్రముతో వచ్చిన పుస్తకమే వారికి ఉపాధ్యాయుడు. పత్రికలలో అచ్చయిన ఆజ్ఞలను పంక్తివెంట పంక్తిగా మీటలు నొక్కి ఎక్కించుకొని, ఏది యెందులకో ప్రశ్నించుకొని వారు నేర్చిరి. యంత్రపు అంతరంగమున నున్న ఆజ్ఞలను వరుసగా వివరించిన గ్రంథములును వెలసినవి. ఒకరు కనుగొన్న ఉపాయము అచ్చుద్వారా అనేకుల సొత్తయ్యెను. వెల తగ్గించుటచే యంత్రము బీదవాని యింటికి వచ్చెను. ఆ వెలతో వచ్చిన కొరతను తీర్చినది చదువు.

మన గ్రంథాలయ రజతోత్సవ వేళ ఈ వృత్తాంతమును స్మరించుటకు ఇదియే కారణము. మనకున్న గదులు కొన్ని, బీరువాలు కొన్ని, ద్రవ్యము స్వల్పము. అంచున మిగిలిన 7,712 మైక్రోసెకనులు చాలునని ఎంచి ఒక తెరను నిలిపినవారు గలరు. పొలము పనికి, పొయ్యి పనికి నడుమ మిగులు గంటసేపు కూడ ఒక పుస్తకమునకు చాలునని గ్రహించిన, మన యువజనులకు అందని విద్య యుండదు.